లక్కీ బ్యాంబూ సీసాలో నీళ్ళు ఎప్పుడు మార్చినారు?



పోయినసారి మా అవ్వ పుట్టింటి నుంచి తెచ్చుకునిన రాగి బిందె గురించి రాసినాం. ఈసారి చెప్పబోయేది అంత పాత సామాను కాదు, మీ ఇంట్లో కూడా ఉండేదే. టీవీ పక్కనో, షోకేసులోనో, అంగడిలో గల్లాపెట్టె మీదనో ఒక గాజు సీసా, అందులో మూడు పచ్చటి కాడలు, నడుముకి ఎర్ర రిబ్బను, అడుగున రంగు రాళ్ళు. లక్కీ బ్యాంబూ. చెన్నైలో చూసినా, బెంగళూరులో చూసినా, హోసూరులో చూసినా, మన తెలుగోళ్ళ కొత్త ఇళ్ళల్లో వెంకటేశ్వరస్వామి పటం తర్వాత ఎక్కువగా కనిపించేది ఇదేనేమో అనిపిస్తుంది మాకు.

దాని మీద మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. అది వెదురు కాదు, అదృష్టమూ కాదు, అది ఒక చెట్టు. చెట్టు అనుకుని చూసుకుంటే ఏళ్ళ తరబడి బతుకుతుంది. అదృష్టం అనుకుని ముట్టుకోకుండా పెట్టుకుంటే అదీ చస్తుంది, ఇంట్లో వాళ్ళకీ చేటు తెస్తుంది. ఈ రెండో మాట ఊరికే అనడం లేదు, మా ఇంట్లో జరిగినాకే అంటున్నాం.

మేము చదివింది బెంగళూరులో, కన్నడ మీడియంలో అని పాతవాళ్ళకి తెలుసు. తెలుగు అక్షరాలు పట్టుబడింది ఇరవై దాటినాక. రాసే తెలుగులో ఇంటి మాట, పుస్తకం మాట కలిసిపోతాయి, నడుమ అరవమూ దూరుతుంది. ఎప్పటిలాగే సర్దుకుని చదవండి.

నాయన రిటైరైనాక తామరైపాక్కంలో తాత కట్టిన పాత ఇంటి జాగాలోనే కొత్త ఇల్లు కట్టినారు. 2019 ఎండాకాలంలో గృహప్రవేశం. ఆ ఏడు గుర్తుందా? చెన్నైకి నీళ్ళిచ్చే పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం చెరువులు నాలుగూ అడుగంటి, జూన్ నెలలో ఊరంతా లారీ నీళ్ళ కోసం బిందెలతో నిలబడింది. అట్లాంటప్పుడు మా అన్న ఆఫీసు స్నేహితులు నిండా నీళ్ళున్న సీసా ఒకటి తెచ్చిచ్చినారు. అందులో ఈ మూడు కాడలు. దాంతోపాటు ఒక చిన్న కార్డు. మూడు కాడలు ఉంటే సంతోషం, ఐదుంటే ఆరోగ్యం, ఎనిమిదుంటే డబ్బు అని. నాలుగు మాత్రం ఎవరికీ ఇవ్వకూడదంట. అందుకు కారణం తర్వాత తెలుసుకున్నాం. చైనా వాళ్ళ మాటలో నాలుగు అనే మాటా, చావు అనే మాటా దగ్గర దగ్గరగా పలుకుతాయి.

అవ్వకి అప్పుడు ఎనభై రెండేళ్ళు. సీసాని దగ్గరికి తెప్పించుకుని చూసి, "ఏందిరా ఇది?" అన్నింది. వెదురు అవ్వా, అదృష్టం వస్తుందంట అన్నాం. అవ్వ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా, "పచ్చి వెదురు కట్టెలు కొట్టుకొచ్చి కట్లు కట్టేది ఎప్పుడో తెలుసు కదా మీకు. కొత్తింట్లోకి తెస్తారా ఎవరన్నా?" అన్నింది. హాల్లో అందరూ గమ్మునైపోయినారు. పాడె గుర్తొచ్చింది అందరికీ. అమ్మ తేరుకుని, ఇది ఆ వెదురు కాదులే అత్తా అని సర్ది చెప్పి, సీసాని టీవీ పక్కన పెట్టేసింది.

అమ్మ ఏమీ తెలియకుండా అన్న మాటే నిజమని మాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. అసలు వెదురు గడ్డి జాతి. మేదరోళ్ళు చాటలూ తట్టలూ గంపలూ అల్లేది దాంతో. లక్కీ బ్యాంబూ అని అమ్మేది డ్రసీనా శాండెరియానా అనే చెట్టు. గడ్డికీ దానికీ చుట్టరికం లేదు. శతావరి కుటుంబంలోది అది. ఇప్పుడు అందరూ పెంచుతున్న స్నేక్ ప్లాంటుకి దగ్గరి చుట్టం. చైనాది కూడా కాదు. దాని సొంత ఊరు ఆఫ్రికాలో కామెరూన్ దేశం వైపు అడవులు. అక్కడ పెద్ద చెట్ల నీడన మట్టిలో పొదలాగా పెరుగుతుంది. శాండెరియానా అన్న పేరు ఇంగ్లండులో నర్సరీ నడిపిన శాండర్ అనే ఆయన పేరు మీద పెట్టింది. చైనా, తైవాన్ తోటల్లో దాన్ని గడలు గడలుగా కోసి, ఒక పక్క నుంచే వెలుతురు పడేట్టు పెట్టి, కొన్నాళ్ళకొకసారి తిప్పుతూ ఆ మెలికలు తెప్పిస్తారు. కణుపులు కనబడతాయి కాబట్టి వెదురు అన్నారు. అమ్ముడుపోవాలి కాబట్టి లక్కీ అన్నారు.

అంటే ఒకే కాడ కార్డు రాసినోళ్ళకి సంతోషం, మా అవ్వకి పాడె. ఆ చెట్టుకి రెండూ తెలియవు.

మొదటి ఏడాది బాగానే ఉండింది. 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు మేము బెంగళూరు నుంచి లాప్‌టాప్ ఎత్తుకుని ఇంటికొచ్చి ఇక్కడే ఉండిపోయినాం. మేము చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, ఎక్కడ కూర్చున్నా అదే పని. ఆ ఏడు ఆగస్టులో ఒక కాడ పైనుంచి పసుపు పచ్చగా మారింది. అదే నెల అన్న ఉద్యోగం పోయింది. అంతే, ఇంట్లో ఆ రెంటికీ ముడి పడిపోయింది. వదిన ఒక్కతే కాదు, చదువుకున్న మేము కూడా బయటికి అనకపోయినా లోపల అనుకున్నాం. ఆ నెలలో ఎంతమంది ఉద్యోగాలు పోయినాయో, వాళ్ళందరి ఇళ్ళల్లో కాడలు పసుపెక్కినాయా అని ఆలోచించలేదు. భయంలో ఉన్నప్పుడు లెక్క గుర్తుకు రాదు.

కాడ ఎందుకు పసుపెక్కిందో ఇప్పుడైతే చెప్పగలం. టీవీ పక్కన కిటికీ ఎండ మూడు గంటలు నేరుగా పడుతుంది. మా తిరువళ్ళూరు జిల్లా ఎండ మీకు తెలుసు, తిరుత్తణి పేరు ఎండాకాలం వార్తల్లో రోజూ వస్తుంది. అడవి నీడలో పెరిగే చెట్టుకి అది చాలా ఎక్కువ. పైగా నీళ్ళు పాతబడి వాసన కొడుతున్నాయి. ఆకు పసుపెక్కితే గిల్లి పారెయ్యచ్చు. కాడే పసుపెక్కితే కుళ్ళు మొదలైనట్టు. వెంటనే తీసెయ్యకపోతే అదే నీళ్ళలో ఉండే మిగతా కాడలకి కూడా పాకుతుంది. కానీ మేము తియ్యలేదు. మూడులో ఒకటి తీస్తే రెండే మిగులుతాయి కదా, దానికి కార్డులో అర్థం వేరే ఉంది. వదిన కొత్త కాడ ఒకటి కొని తెచ్చి పక్కన దూర్చింది. ఎండిన కాడ కూడా అందులోనే ఉండిపోయింది. ఎవరమూ సీసాని కదిలించలేదు. అమ్మిన అంగడిలో చెప్పినారంట, ఎక్కువగా కదిలిస్తే అదృష్టం నిలవదని. వదిన మాత్రం ప్రతి శుక్రవారం స్నానం చేసి, దీపం పెట్టినాక, ఒక చెంబుతో సీసాలో తగ్గినంత నీళ్ళు పోసేది. పోసేది తప్ప పాత నీళ్ళు పారబోసేది లేదు.

పోయిన ఏడాది దీపావళి దాటినాక వానలు పట్టుకున్నాయి. మా అన్న కూతురికి ఆరేళ్ళు. ఒక మంగళవారం రాత్రి జ్వరం మొదలైంది. మొదట మామూలు జ్వరమే అనుకున్నాం. మూడో రోజు కళ్ళ వెనక నొప్పి అని ఏడ్చింది, నాలుగో రోజు చేతుల మీద ఎర్ర చుక్కలు. పరీక్ష చేస్తే డెంగీ. తిరువళ్ళూరులో ఆస్పత్రిలో ఆరు రోజులు ఉండినాం. ప్లేట్‌లెట్లు ఒక పొద్దున 41 వేలకి దిగినాయి. ఆ పొద్దున వదినా అన్నా ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. అవ్వ ఫోనులో, "బిడ్డ ఏమన్నా తిన్నిందా?" అని గంటకొకసారి అడిగేది, అంతకు మించి ఏమీ అడిగేది కాదు. దేవుని దయ, ఆ సాయంత్రం నుంచే లెక్క పెరుగుతా వచ్చింది. పిల్ల ఇప్పుడు బాగుంది.

ఇంటికొచ్చిన రెండో రోజు, ఇంటింటికీ తిరిగి దోమలు పుట్టే చోట్లు చూసే ఆడవాళ్ళిద్దరు టార్చిలైటు పట్టుకుని వచ్చినారు. తొట్టి చూసినారు, మిద్దె మీద ట్యాంకు మూత చూసినారు, ఫ్రిజ్జు వెనక నీళ్ళు నిలిచే ట్రే లాగి చూసినారు, పెరట్లో పడున్న పాత రోలు చూసినారు. అంతా బాగుందమ్మా అని లేచి పోతా పోతా ఒకామె టీవీ పక్కన సీసా మీద టార్చి వేసింది. రంగు రాళ్ళ మీద మెలికలు తిరుగుతా సన్నటి పురుగులు. వెలుతురు పడగానే అన్నీ ఒకేసారి కిందికి దిగినాయి. వదిన అక్కడే కూర్చుండిపోయింది. బిడ్డ బాగుండాలని శుక్రవారం శుక్రవారం తన చేతులతోనే పోసిన నీళ్ళు అవి.

ఇక్కడ ఒక సంగతి నిజాయితీగా చెప్పాలి. ఆ సీసాలో పుట్టిన దోమే పిల్లని కుట్టిందని మేము నిరూపించలేం. తప్పు ఎక్కడుందో చెప్పే ముందు ఒకటికి నాలుగుసార్లు చూసుకోవడం మా ఉద్యోగం. ఆ నెలలో మా వీధిలో ఇంకో మూడిళ్ళలో జ్వరాలు ఉండినాయి, కొబ్బరి చిప్పలు ఉండినాయి, ఖాళీ మనలో ఎవరో పారేసిన టైరు ఉండింది. వదినకి కూడా అదే చెప్పినాం, ఇప్పటికీ చెప్తానే ఉన్నాం. కానీ మా హాల్లో, పిల్ల కూర్చుని బొమ్మలు గీసుకునే చోటికి నాలుగడుగుల దూరంలో, మేమే పెంచినాం వాటిని. ఇది మాత్రం నిరూపించక్కరలేదు, కళ్ళతో చూసినాం.

డెంగీ దోమ సంగతి తెలుసుకుంటే మేము చేసిన తప్పు ఎంత సరిగ్గా చేసినామో అర్థమైంది. మన తెలుగు నేల మీదనే, సికింద్రాబాదులో, 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని పట్టుకున్నాడు. ఆ దోమ జాతి వేరు, ఈ డెంగీ దోమ వేరు. దీని పేరు ఏడిస్. పగటి పూట కుడుతుంది. మురుగు కాలవ కంటే ఇంట్లో నిలిచిన మంచి నీళ్ళంటే దీనికి ఇష్టం. గుడ్లు నీళ్ళలో వెయ్యదు, నీళ్ళకి కాస్త పైన, సీసా గోడకి అంటించిపోతుంది. ఆ గుడ్లు ఎండిపోయినా నెలల తరబడి చావవు. మళ్ళీ నీళ్ళు తగిలితే పగులుతాయి. నీళ్ళు తగ్గినప్పుడల్లా పైన పోసి నింపడమంటే, గోడకున్న గుడ్లకి తడి తగిలించడమే. గుడ్డు పగిలినాక దోమై ఎగిరిపోవడానికి మన ఎండలకి వారం, పది రోజులు చాలు. నీళ్ళు మార్చడం ఎంత ముఖ్యమో, సీసా లోపలి గోడని పీచుతో రుద్దడమూ అంతే ముఖ్యం. ఈ రెండో మాట చాలామందికి తెలియదు, మాకూ తెలియలేదు.

ఇది మా ఒక్క ఇంటి కథ అనుకోకండి. 2001లో అమెరికాలో లాస్ ఏంజెలెస్ రేవులో చైనా నుంచి ఓడలో వచ్చిన లక్కీ బ్యాంబూ పెట్టెలు తెరిస్తే ఏడిస్ దోమలు దొరికినాయి. ఎండిపోకుండా కాడల్ని నీళ్ళలో నిలబెట్టి పంపినారు, ఆ నీళ్ళలో దోమలు కూడా ప్రయాణం చేసినాయి. తర్వాత నెదర్లాండ్స్‌లో కూడా ఈ చెట్లు దించుకునే గ్రీన్‌హౌసుల్లో అదే జాతి దోమ కనబడింది. సముద్రం దాటిన దోమకి మా హాలు ఒక లెక్కా?

మా ఊరికీ నీళ్ళకీ ఉన్న సంబంధం తెలిసినవాళ్ళకి ఇది ఇంకా సిగ్గుచేటు. ఊరి పేరులోనే తామర ఉంది. ఊరి పక్కనే కొసస్థలై ఏటి మీద ఆనకట్ట. నగరి వైపు నుంచి వచ్చే ఏరు కూడా పూండి చెరువులో ఇందులోనే కలుస్తుంది. 1944లో కట్టిన ఆ పూండి నుంచి ఏట్లో వదిలిన నీళ్ళని తామరైపాక్కం ఆనకట్ట దగ్గరే మళ్ళించి చోళవరం, పుళల్ పంపుతారు. 1996 నుంచి కృష్ణ నీళ్ళు కూడా కండలేరు కాలవలో పూండికి వస్తున్నాయి. అది చాలనట్టు మా చుట్టుపక్కల పొలాల్లో బోర్లు వేసి భూమిలో నీళ్ళు కూడా చెన్నైకి తోడుకున్నారు. నీళ్ళు నిలిచిపోకుండా పారేట్టు చూడటమే మా ఊరు చేసే పని. అట్లాంటి ఊళ్ళో మేము అర లీటరు నీళ్ళని నాలుగైదేళ్ళు కదలకుండా పెట్టినాం.

సరే, ఇప్పుడేం చెయ్యాలి? ఇంట్లో రెండు పక్షాలు ఏర్పడినాయి. అన్న, "పీకి అవతల పారేస్తే పోదా?" అన్నాడు. వదినకి పారెయ్యాలంటే భయం, ఉంచాలంటే ఇంకా భయం. మాకు రెండూ తప్పనిపించింది. దాన్ని కోపంతో పారేసినా అదేదో మహిమ ఉన్న వస్తువు అని ఒప్పుకున్నట్టే కదా. అన్యాయం చేసింది చెట్టు కాదు. ఐదేళ్ళు వెలుతురు సరిగ్గా లేక, మురిగిన నీళ్ళు తాగి, చచ్చిన కాడ పక్కన నిలబడి కూడా రెండు కాడలు బతికే ఉన్నాయి. ఆ గట్టితనం చూసి మాకు ముచ్చటేసింది. పైగా తప్పు ఎక్కడుందో తెలుసుకోకుండా పారేస్తే, రేపు ఇంకో సీసా, ఇంకో మనీ ప్లాంటు, ఇంకో పూలకుండీ, అదే కథ.

అందుకని ఆఫీసులో చేసే పనే ఇంట్లో చేసినాం. ఒకేసారి ఒక్కటే మార్చి చూడాలి, ఏది మార్చినామో రాసి పెట్టుకోవాలి. బతికిన రెండు కాడల్ని కణుపుల దగ్గర కోసి మూడు ముక్కలు చేసినాం. మూడు ఒకే రకం సీసాలు, ఒకే కిటికీ. ఒకదానికి బోరు నీళ్ళు, ఒకదానికి ఆర్వో నీళ్ళు, ఒకదానికి మిద్దె మీద పట్టిన వాన నీళ్ళు. ప్రతి శుక్రవారం మూడూ మార్పు. శుక్రవారం ఎందుకంటే వదినకి అలవాటైన రోజు అది, అలవాటుని చెరపడం కంటే వాడుకోవడం మేలు. నాలుగు నెలలకి బోరు నీళ్ళ ముక్కకి ఆకు కొనలు గోధుమ రంగుకి తిరిగినాయి, సీసా గోడకి తెల్లటి ఉప్పు పట్టింది. మిగతా రెండూ పచ్చగా ఉన్నాయి. మూడు ముక్కలతో చేసింది గొప్ప పరీక్ష కాదని తెలుసు. కానీ ఈ జాతికి ఉప్పూ ఫ్లోరైడూ ఎక్కువైతే ఆకు కొనలు కాలుతాయని చెట్లు పెంచేవాళ్ళు చెప్పేదానికి అది సరిపోయింది.

ఆ నాలుగు నెలల్లో మేము నేర్చుకునింది ఇక్కడ ఒకచోట రాస్తున్నాం, మీకు పనికొస్తుంది.

కార్పొరేషన్ కొళాయి నీళ్ళైతే ఒక రాత్రి వెడల్పాటి గిన్నెలో పట్టి, పల్చటి గుడ్డ కప్పి పెట్టండి. క్లోరిన్ చాలావరకు ఎగిరిపోతుంది. ఫ్లోరైడు మాత్రం అట్లా పోదు. వాన నీళ్ళు దొరికితే అంతకంటే మంచివి లేవు. వేళ్ళు మునిగేంత నీళ్ళు చాలు, కాడ సగం వరకు ముంచితే కుళ్ళుతుంది. వారానికొకసారి నీళ్ళన్నీ పారబోసి, రాళ్ళు కడిగి, సీసా లోపల పీచుతో గట్టిగా రుద్ది, కొత్త నీళ్ళు పొయ్యండి. పారబోసే నీళ్ళు కరివేపాకు చెట్టు మొదట్లో, ఇంకిపోయే చోట పొయ్యండి. చోటు వెలుతురున్నదై ఉండాలి, ఎండ నేరుగా పడకూడదు, ఏసీ గాలి మీదికి కొట్టకూడదు. వేళ్ళు ఎర్రగా కనబడితే కంగారు పడకండి, ఈ చెట్టుకి అది మామూలే. మెత్తబడి, నల్లబడి, వాసన వస్తే కుళ్ళు, ఆ వేరు కత్తిరించెయ్యండి. ఎరువు వెయ్యకపోయినా చాలా రోజులు బతుకుతుంది. వేస్తే రెండు నెలలకొకసారి, డబ్బా మీద చెప్పినదాంట్లో పదో వంతు. కట్టిన రిబ్బను, తీగ కాడలోకి దిగకుండా వదులు చేస్తుండండి. ఇంట్లో పిల్లినో కుక్కనో పెంచేవాళ్ళు దానికి అందకుండా పెట్టండి, ఈ ఆకులు నమిలితే వాటికి వాంతులవుతాయి.

సీసా ఏది మంచిది అని అడిగితే, మేము గాజుదే అంటాం. వెలుతురు తగిలి గాజులో పాచి పడుతుంది కాబట్టి పింగాణీది వాడమని కొందరు చెప్తారు. పాచి పడితే కడుక్కోవచ్చు. లోపల ఏముందో కనబడకపోతే ఏం చేస్తాం? మా ఉద్యోగంలో కూడా అంతే, పైకి కనబడే తప్పుకి మేము భయపడం.

గాలిని శుభ్రం చేస్తుంది కదా, అందుకైనా పెట్టుకోవచ్చు కదా అని మా చిన్నాయన కొడుకు ఫోనులో అడిగినాడు. ఆ మాట 1989లో నాసా వాళ్ళు చేసిన ప్రయోగం నుంచి పుట్టింది. గాలి చొరబడని పెట్టెల్లో చెట్లు పెట్టి చూసినారు. అందులో వేరే డ్రసీనాలు ఉండినాయి, బ్యాంబూ పామ్ అనేది కూడా ఉండింది. పేరులో బ్యాంబూ చూసి జనం మన కాడకి ఆ గొప్ప అంటించినట్టున్నారు. కిటికీలూ తలుపులూ ఉన్న ఇంట్లో చెట్లతో గాలి శుభ్రం కావాలంటే చదరపు మీటరుకి కనీసం పది చెట్లు, ఇంకా ఎక్కువే, కావాలని 2019లో ఇద్దరు పరిశోధకులు పాత లెక్కలన్నీ కలిపి చూసి తేల్చినారు. అంతకంటే కిటికీ తెరిస్తే సరి. పచ్చగా ఉంటుంది, కంటికి బాగుంటుంది, అది చాలదా ఒక చెట్టుని పెంచడానికి?

చివరికి మేము చేసింది, మిమ్మల్ని కూడా చెయ్యమని అడిగేది ఇది. కాడకి వేళ్ళు బాగా దిగినాక మట్టికి మార్చండి. నీళ్ళలో ఉండటం దాని స్వభావం కాదు, అంగడి వాళ్ళు అమ్మే తీరు అది. అది పుట్టింది మట్టిలో. అడుగున చిల్లి ఉన్న మట్టికుండీ, ఎర్రమట్టి, కాస్త ఇసుక, కాస్త మాగిన పేడ ఎరువు. పైమట్టి ఆరినాక నీళ్ళు. కుండీ కింద పళ్ళెం పెడితే అందులో నిలిచిన నీళ్ళు పారబొయ్యడం మరిచిపోకండి, లేకపోతే సీసా పోయి పళ్ళెం వచ్చినట్టు. మట్టిలో వేస్తే వారం వారం కడిగే పని తప్పుతుంది, దోమకి చోటు ఉండదు, ఆకు కూడా దిట్టంగా వస్తుంది. మా మూడు ముక్కల్లో రెండింటిని వదినే తన చేత్తో తిన్నె మీద కుండీలో నాటింది. ఒకదానికి కణుపు పక్కన పిలక వచ్చింది. మూడోది గాజు సీసాలోనే ఉంది, మా టేబుల్ మీద, శుక్రవారం శుక్రవారం మేమే కడుగుతున్నాం.

పేరు గురించి ఒక మాట చెప్పి ముగిస్తాం. మమ్మల్ని బెంగళూరు స్కూల్లో తమిళోళ్ళు అనేవాళ్ళు. ఇక్కడ ఊళ్ళో తెలుగోళ్ళు అంటారు. ఆంధ్రకి పెళ్ళికి పోతే మా మాట విని అరవోళ్ళు అంటారు. అవ్వ పుట్టిల్లు సత్యవేడు పక్కన. 1960 ఏప్రిల్ 1న సరిహద్దు మార్చినప్పుడు తిరుత్తణి ఇటొచ్చింది, సత్యవేడు అటు పోయింది. ఊళ్ళు ఉన్నచోటే ఉన్నాయి, పేర్లు మారినాయి. ఆఫ్రికా చెట్టుకి చైనా మహిమ అంటగట్టి వెదురు అని పిలిస్తే దానికి మాత్రం ఏం తెలుస్తుంది? ఎవరు ఏమని పిలిచినా, వేరుకి కావలసింది వేరు అడుగుతుంది. అది ఇచ్చేవాళ్ళు ఇంట్లో ఉండాలి, అంతే. మన ఇళ్ళల్లో తెలుగు నిలిచింది కూడా ఎవరో అదృష్టం ఇచ్చి కాదు. అవ్వలు రోజూ మాట్లాడినారు కాబట్టి నిలిచింది.

మొన్న అవ్వని తిన్నె మీద కుర్చీలో కూర్చోబెట్టినాం. కుండీ వైపు చాలాసేపు చూసి, "ఇదేం చెట్టు?" అని అడిగింది. ఆ గృహప్రవేశం కాడే అవ్వా అన్నాం. "అదా," అని, ఇంకాసేపు చూసి, "ఇప్పుడు పరవాలేదు," అన్నింది.

మీ ఇంట్లో సీసా ఉంటే, ఇది చదివినాక లేచి పోయి ఒకసారి టార్చి వేసి చూడండి. ఏమీ లేకపోతే సంతోషం. అయినా నీళ్ళు పారబోసి, గోడ రుద్ది, కొత్త నీళ్ళు పొయ్యండి. పిల్లలుంటే వాళ్ళని పక్కన నిలబెట్టుకుని చెయ్యండి, వాళ్ళు చూసి నేర్చుకుంటారు.